జీతం ఉంటేనే జాగ్రత్తా?

భిలాయి తెలుగువాళ్ళలో ఈ మధ్య ఒక మాట బాగా పాతుకుపోయింది. ఉగాది చేద్దామన్నా, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెడదామన్నా, దసరాకి నాటకం వేద్దామన్నా ముందు అదే వస్తుంది: "మనవల్ల ఎక్కడవుతుందండీ, ఈవెంట్ వాళ్ళకి ఇచ్చేద్దాం." ముగ్గుల పోటీకే ఇలా అనేవాళ్ళ ముందు పక్కనే ఉన్న ఉతైలోనో రిసాలీలోనో నలుగురు కుర్రాళ్ళు నిలబడి, మనమే కలిసి కైట్‌సర్ఫింగ్ పండుగ పెట్టుకుందాం అంటే ఇక చెప్పాలా? నడుముకు పెద్ద గాలిపటం తగిలించుకుని, కాళ్ళ కింద పలక పెట్టుకుని, గాలి లాగుతుంటే నీళ్ళ మీద దూసుకుపోయే ఆట అది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చేరిన ఆట. దాన్ని పైసా పుచ్చుకోని ఊరి జనం నడుపుతారా? ముందు నవ్వుతారు. నవ్వడం అయ్యాక గట్టిగా వద్దంటారు.

వాళ్ళ వాదన తీసిపారేసేది కాదు. ఉన్నదున్నట్టు చెబుతాను. ప్రాణాల మీదకు వచ్చే ఆటకు ఆ వృత్తిలో ఉన్నవాళ్ళే కావాలి. డబ్బు తీసుకున్నవాణ్ణి నిలదీయవచ్చు, ఊరికే వచ్చినవాణ్ణి ఏమని అడుగుతాం, రేపు రానంటే ఏం చేస్తాం? కంపెనీకి అనుమతులు తెచ్చే మనుషులుంటారు, బీమా ఉంటుంది, లాయరుంటాడు. సంఘానికి ఉండేది రసీదు పుస్తకం, రబ్బరు స్టాంపు. పైగా మన సంఘాల్లో పని చేసే చేతుల కన్నా మైకు పట్టుకునే చేతులే ఎక్కువ. కాబట్టి స్వచ్ఛందం అనేది అన్నదానానికి సరే, సముద్రానికి సరిపోదు.

ఇందులో నిజాలున్నాయి. వాటి మీద ఇచ్చిన తీర్పే తప్పు. అది ఎక్కడెక్కడ తప్పో వరసగా చూద్దాం.

1. జీతగాడు జాగ్రత్తగా ఉంటాడన్నది

ఈ మాట వేరే ఊళ్ళో ఎవరైనా అంటే సరిపెట్టుకోవచ్చు. భిలాయిలో అనకూడదు. 2014 జూన్ 12న ఇక్కడి ఉక్కు కర్మాగారంలో నీటి ఒత్తిడి పడిపోయి బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్ బయటకు వచ్చింది. ఆరుగురు పోయారు. వాళ్ళలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ల దగ్గర గ్యాస్ పైపు మీద పని జరుగుతుండగా మంటలు లేచి పదిమందికి పైగా పోయారు. అక్కడ జీతం లేనివాడు ఎవడు? శిక్షణ లేనివాడు ఎవడు? సేఫ్టీ విభాగం ఉంది, పర్మిట్ పద్ధతి ఉంది, గోడల నిండా నినాదాలున్నాయి. ఆ మనుషులు అజాగ్రత్తపరులని నేననడం లేదు, ఆ మాట అనే అర్హత కూడా నాకు లేదు. జీతం, హోదా, యూనిఫాం ఉన్నంత మాత్రాన ప్రమాదం రాదన్న భరోసా లేదని మాత్రం ఈ ఊరికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

మన గోదావరి చూడండి. 2019 సెప్టెంబరు 15న నది వరదలో ఉండగా పాపికొండలకు బయలుదేరిన పడవ కచ్చులూరు దగ్గర మునిగింది. దాదాపు 50 మంది పోయారు. వాళ్ళలో ఎక్కువమంది టికెట్ కొనుక్కుని ఎక్కినవాళ్ళు. పడవ నడిపినవాళ్ళు దాని మీద బతికేవాళ్ళే. అంతకు రెండేళ్ళ ముందు, 2017 నవంబరు 12న, విజయవాడ దగ్గర కృష్ణా పవిత్ర సంగమంలో అనుమతి లేకుండా తిరిగిన పడవ బోల్తాపడి 20 మందికి పైగా పోయారు. అదీ వ్యాపారమే. 2015లో రాజమహేంద్రవరం పుష్కరాల తొలిరోజు తొక్కిసలాటలో 27 మంది పోతే, ఆ ఏర్పాట్లు చేసింది సాక్షాత్తూ ప్రభుత్వం.

ఇంకా దూరం వెళ్తే, 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో 100 కిలోమీటర్ల కొండ పరుగు. స్థానిక ప్రభుత్వం ఆ పనిని ఒక క్రీడా సంస్థకు అప్పగించింది. పెనుగాలి వస్తుందని ముందు రోజే హెచ్చరిక వచ్చింది. పరుగు మొదలైంది. మధ్యాహ్నానికి గడ్డకట్టించే వానా గాలీ కలిసి 172 మందిలో 21 మందిని బలి తీసుకున్నాయి. ఈవెంట్ వాళ్ళకి ఇచ్చేద్దాం అనేవాళ్ళు ఆ ఒక్క ఉదంతం చదివాక మళ్ళీ మాట్లాడితే బాగుంటుంది.

2. "మరి కురంగని?"

ఇది వాళ్ళ చేతిలో ఉన్న బలమైన అస్త్రం, దాన్ని దాచిపెట్టి వాదించడం నాకిష్టం లేదు. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగని కొండల్లో కార్చిచ్చు ట్రెక్కింగుకు వెళ్ళినవాళ్ళని చుట్టుముట్టింది. 20 మందికి పైగా చనిపోయారు. అందులో ఒక బృందం చెన్నై నుంచి స్వచ్ఛందంగా నడిచే ట్రెక్కింగ్ క్లబ్బు తీసుకెళ్ళినది. చూశారా, స్వచ్ఛందం అంటే ఇదే అంటారు.

కానీ ఆ రోజు ఆ కొండ మీద ఉన్నది ఒక బృందం కాదు, రెండు. రెండోది ఈరోడు, తిరుప్పూరు వైపు నుంచి ఒక టూర్ సంస్థ డబ్బు తీసుకుని తెచ్చింది. నిప్పు రెండింటినీ పట్టుకుంది. వెనక్కి తిరగండి అని చెప్పేవాడు క్లబ్బుకూ లేడు, కంపెనీకీ లేడు. కురంగని నుంచి నేర్చుకోవాలంటే ఇదొక్కటి చాలు. స్వచ్ఛందం మీద నేరం మోపడానికి మాత్రం అది పనికిరాదు. ఒకే చోట, ఒకే రోజు, రెండు పద్ధతులూ ఒకేలా విఫలమైతే తేడా పద్ధతిలో లేదని చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది.

3. ఆపడం ఎవరివల్ల అవుతుంది?

అసలు సంగతి ఇక్కడుంది, అందుకే ఇక్కడ కాసేపు ఆగుతాను.

కైట్‌సర్ఫింగ్‌లో శత్రువు నీళ్ళు అనుకుంటారు. కాదు, గాలి. గాలి వేగం రెట్టింపైతే గాలిపటం లాగే బలం నాలుగు రెట్లవుతుంది. గంటకు 20 కిలోమీటర్ల గాలిలో హాయిగా ఆడుతున్నవాణ్ణి 28కి చేరిన గాలి రెట్టింపు బలంతో లాగుతుంది, 40కి చేరితే ఎత్తి ఒడ్డున పడేస్తుంది. ఆ మార్పుకు గంటలు పట్టవు. మబ్బు ఒకటి నల్లగా ముందుకు వస్తే పది నిమిషాలు చాలు. గాలి దిక్కు కూడా అంతే ముఖ్యం. ఒడ్డు నుంచి సముద్రం లోపలికి వీచే గాలి చూడటానికి నెమ్మదిగా, నీళ్ళు నున్నగా ఉంటాయి. అందులోకి దిగినవాడు పొరపాటున పలక వదిలేస్తే ఆ గాలి వాణ్ణి అలాగే లోపలికి తీసుకుపోతుంది. ఒడ్డు వెంబడి, కాస్త ఒడ్డు వైపుకు వాలి వీచే గాలే కావాలి. లేకపోతే ఆట లేదు.

అంటే ఈ పండుగలో అన్నిటికన్నా పెద్ద నిర్ణయం "ఇవాళ వద్దు" అనడం. రెండోది "ఇప్పుడే ఆపండి" అనడం. వేదిక, లైట్లు, భోజనాలు అన్నీ దాని తర్వాతే. మరి ఆ మాట ఎవరు సులువుగా అనగలరు?

ఈవెంట్ కంపెనీ లెక్క వేయండి. వేదికకు అద్దె కట్టేశారు. గాయకుడికి అడ్వాన్సు వెళ్ళిపోయింది. హోటల్ గదులు తీసుకున్నారు. టికెట్లు అమ్మేశారు. సిమెంటు కంపెనీ వాళ్ళ బ్యానరు కట్టేశారు, దాని ముందు ఫొటోలు రావాలని ఒప్పందం. మంత్రిగారు నాలుగు గంటలకు వస్తారు. గాలికి ప్రోటోకాల్ తెలియదు గానీ నిర్వాహకుడికి తెలుసు. మూడున్నరకు ఈశాన్యాన మబ్బు పట్టింది. ఆపమని చెప్పే ఉద్యోగి ఆ మాటతో తన యజమానికి లక్షల్లో నష్టం రాసినట్టు. వాడు దుర్మార్గుడు కానక్కర్లేదు. ఇంకో పది నిమిషాలు చూద్దాం అంటాడు, అంతే.

2021 నవంబరు 5న అమెరికాలో హ్యూస్టన్ నగరంలో ఆస్ట్రోవరల్డ్ సంగీతోత్సవం. దేశంలోకెల్లా పెద్ద నిర్వాహకులే చేశారు. జనం ఒత్తిడిలో నలిగి పదిమంది చనిపోయారు. తర్వాత బయటపడిన ఏర్పాట్ల పత్రం ప్రకారం ప్రదర్శన ఆపే అధికారం ఇద్దరంటే ఇద్దరికే ఉంది. అంత జనంలో ఇద్దరు! కళ్ళ ముందు మనిషి పడిపోతున్నా వేదిక పక్కన నిలబడ్డ సెక్యూరిటీ మనిషి ఆపలేడు.

టికెట్ లేని, స్పాన్సరు బ్యానరు లేని పండుగలో ఆపడానికి ఖరీదు లేదు. ఇది స్వచ్ఛందానికున్న నైతిక గొప్పతనం అని నేను చెప్పడం లేదు. లెక్క చెబుతున్నాను. ఆపితే పోయేది ఒక సాయంత్రపు సరదా, ఆపినవాడికి రెండు చీవాట్లు. అలాంటి చోటే ఒడ్డున జెండా పట్టుకున్న పందొమ్మిదేళ్ళ పిల్ల కూడా ఎర్రజెండా ఎత్తగలదు, అధ్యక్షుడి కొడుకు నీళ్ళలో ఉన్నా సరే.

ఆ వీలును ఏర్పాటుగా మార్చుకోవాలి. ఒక రోజు కాకుండా అయిదు రోజులు ప్రకటించి, వాటిలో గాలి కుదిరిన రెండు రోజులే ఆడాలి. ఇది నేను కనిపెట్టింది కాదు, అలల ఆటల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. హవాయిలో ఎడ్డీ అయికావు పేరున జరిగే పోటీ 1984లో మొదలైంది. కావలసినంత పెద్ద అలలు రాకపోతే ఆ ఏడు పోటీ లేదు. 2024 చివరి దాకా అది జరిగింది పదకొండు సార్లే. దానికి స్పాన్సర్లు ఉండేవారు, అయినా ఎదురుచూశారు. నలభై ఏళ్ళలో పదకొండు సార్లు చేసిన పోటీకి పరువు తగ్గలేదు సరికదా, అందుకే దాని పేరు నిలిచింది. మన దగ్గర వాన వచ్చినా షామియానా పట్టుకుని కార్యక్రమం పూర్తి చేయడమే మగతనం అనుకుంటాం.

4. ఆటే పరస్పర సాయం మీద నడుస్తుంది

ఉచితంగా వచ్చినవాడి చేతిలో ప్రాణం పెట్టలేం అనేవాళ్ళు ఈ ఆటను ఒక్కసారి ఒడ్డు మీద నిలబడి చూడలేదు. గాలిపటాన్ని ఎవడూ ఒంటరిగా లేపకూడదు. ఆడేవాడు ఒకచోట నిలబడతాడు, ఇరవై మీటర్లకు పైగా ఉన్న తాళ్ళకు అవతలి కొసన ఇంకొకడు గాలిపటం పట్టుకుంటాడు. తాళ్ళు మెలికపడలేదని ఇద్దరూ చూసుకుంటారు. బొటనవేలు పైకెత్తితే వదలమని. తిరిగి వచ్చి దించుకోవాలంటే ఆడేవాడు తన తల మీద చేత్తో తట్టుకుంటాడు, ఒడ్డున ఉన్నవాడు పరుగున వచ్చి పట్టుకుంటాడు. ఆ పట్టుకునేవాడు చాలాసార్లు పేరు కూడా తెలియని తోటి ఆటగాడు. రామేశ్వరంలో ఇంతే, బ్రెజిల్లో ఇంతే. గాలికి ఎగువన ఉన్నవాడు తన గాలిపటాన్ని ఎత్తుగా పట్టాలి, దిగువన ఉన్నవాడు కిందికి దించాలి, ఒడ్డు నుంచి బయలుదేరేవాడికి దారి ఇవ్వాలి. ఇవన్నీ పోలీసు లేని చోట ఒకరికొకరు పాటించే కట్టుబాట్లు.

ఈ ఆట పుట్టుకే అలాంటిది. ఫ్రాన్స్‌లోని బ్రిటనీకి చెందిన లెగెనూ సోదరులు నీళ్ళలో పడ్డా మళ్ళీ లేచే, గాలి నింపిన గాలిపటానికి 1984లో పేటెంట్ తీసుకున్నారు. 1990ల చివరి దాకా దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఆ తర్వాత దాన్ని నలుగురికీ నేర్పింది ఒడ్డున ఉన్న తోటి ఆటగాళ్ళే. బోధనకు ప్రమాణాలు రాసిన అంతర్జాతీయ కైట్‌బోర్డింగ్ సంస్థ 2001లో గానీ రాలేదు. ప్రమాణాలు రావడం మంచిదే, వాటిని మన పండుగలోనూ అక్షరాలా పెట్టుకోవాలి. ఆ ప్రమాణాల్లో కూడా గాలిపటం పట్టుకునే రెండో మనిషి జీతగాడై ఉండాలని లేదు.

5. ఉచితం వేరు, చేతకానితనం వేరు

వాదనలో ఇక్కడో చిన్న మోసం ఉంది. స్వచ్ఛంద కార్యకర్త అనగానే మెడలో కండువా, చేతిలో మజ్జిగ గ్లాసులున్న కుర్రాణ్ణి మన ముందు నిలబెడతారు. పని తెలియడం ఒక సంగతి, పనికి డబ్బు తీసుకోవడం ఇంకో సంగతి. రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడి నెగ్గుకొస్తారు.

బ్రిటన్‌లో సముద్రంలో చిక్కుకున్నవాళ్ళని కాపాడే లైఫ్‌బోటు సంస్థ 1824 నుంచి ఉంది. దాని పడవల్లో వెళ్ళేవాళ్ళలో అత్యధికులు ఉపాధ్యాయులు, మెకానిక్కులు, దుకాణదారులు. పిలుపు వస్తే పని వదిలి తుఫానులోకి వెళ్తారు. ఆస్ట్రేలియాలో 1907లో మొదలైన సర్ఫ్ రక్షకుల సంఘం ఇవాళ్టికీ వేలమంది స్వచ్ఛంద సభ్యులతో బీచీలకు కాపలా కాస్తోంది. వాళ్ళెవరినీ పరీక్ష లేకుండా నీళ్ళలోకి దిగనివ్వరు. లండన్‌లో 2004లో 13 మందితో మొదలైన పార్క్‌రన్ అనే వారాంతపు పరుగు ప్రపంచమంతా పాకింది, ప్రతి చోటా జరిపించేది ఊరివాళ్ళే. అంతదూరం వద్దంటారా? తిరుమలలో శ్రీవారి సేవ 2000లో మొదలైంది. క్యూలో మీకు నీళ్ళిచ్చినవాళ్ళూ, అన్నప్రసాదం వడ్డించినవాళ్ళూ ఎవరో ఒకసారి అడిగి చూడండి.

ఇక భిలాయి సంగతికి వస్తే నాకు కోపం వస్తుంది. కర్మాగారానికి 1955లో సోవియట్ ఒప్పందం, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన మన తాతలు ఇక్కడ నేర్చుకున్నదేమిటి? టన్నుల బరువు గాలిలో వేలాడుతుంటే కింద నిలబడి చేతి సైగలతో క్రేన్ నడిపించడం. పని మొదలుపెట్టే ముందు యంత్రానికి లాకౌట్, ట్యాగ్ వేసి ఉన్నాయో లేదో చూడటం. గ్యాస్ లీకైతే గాలి ఎటు వీస్తోందో చూసి, దానికి అడ్డంగా తప్పుకుని గాలి ఎగువకు పోవడం. రిగ్గర్లు, ఫిట్టర్లు, ఫైర్ సర్వీసులో చేసినవాళ్ళు, కర్మాగారం ఆసుపత్రిలో నర్సులుగా చేసినవాళ్ళు, రిటైరై, క్వార్టర్ ఖాళీ చేసి చుట్టుపక్కల ఇళ్ళు కట్టుకుని పేపరు చదువుకుంటూ కూర్చున్నారు. తాళ్ళు, బరువులు, సైగలు, గాలి దిక్కు: కైట్‌సర్ఫింగ్ ఒడ్డుకు కావలసినవి ఇవే. వీళ్ళకి గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థ ఇచ్చే లైఫ్‌గార్డు శిక్షణ లాంటిది కొందరికైనా ఇప్పించి, మిగతావాళ్ళకి ప్రథమ చికిత్స నేర్పిస్తే, డెకరేషన్ కంపెనీ రోజు కూలికి తెచ్చే కుర్రాళ్ళ కన్నా వెయ్యి రెట్లు నయం. ఆ కుర్రాళ్ళది తప్పు కాదు. నిన్న పెళ్ళికి కుర్చీలు వేసినవాళ్ళని ఇవాళ సముద్రం ఒడ్డున నిలబెడితే వాళ్ళేం చేస్తారు?

6. ఉతై చెరువులో కాదు

ఇప్పుడు నా వైపు వాళ్ళతో గొడవ. ఉత్సాహం ఎక్కువైన కొందరు, మన ఊళ్ళోనే చేద్దాం, నీళ్ళున్నాయి కదా అంటారు. మరోదా జలాశయం ఉంది, బాలోద్ వైపు తాందులా ఉంది, ధమ్తరి దగ్గర గంగ్రేల్ ఉంది. నీళ్ళున్నాయి, గాలి లేదు. ఈ ఆటకు గంటకు 20 కిలోమీటర్లకు తగ్గకుండా, గంటల తరబడి ఒకే తీరున వీచే గాలి కావాలి. ఛత్తీస్‌గఢ్ మైదానంలో ఉన్నది వేసవిలో వడగాలి, సాయంత్రం హఠాత్తుగా లేచి పావుగంటలో చెట్లు కూల్చి పోయే ఆంధీ. రెండూ గాలిపటానికి పనికిరావు, రెండోది ప్రాణాంతకం. గాలిమరల వ్యాపారులు తమిళనాడు ముప్పందల్‌కూ, మన అనంతపురం కొండలకూ వెళ్ళారు గానీ దుర్గ్ జిల్లాకు రాలేదు. డబ్బు పెట్టేవాళ్ళ కన్నా గాలిని బాగా కొలిచేవాళ్ళు ఎవరుంటారు? పైగా మరోదా నీళ్ళు కర్మాగారానివి. చుట్టూ కరెంటు తీగలు. ఉతైలో చేయదగింది ప్రణాళిక, శిక్షణ, నేల మీద చిన్న గాలిపటంతో సాధన. పండుగ సముద్రం దగ్గరే.

సముద్రం అంత దూరం కూడా కాదు. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్, విశాఖపట్నం మధ్య వందే భారత్ తిరుగుతోంది. పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతాం. సగం మందికి ఆ దారిలో చుట్టాల ఊళ్ళున్నాయి.

అక్కడ చోటు ఎంచుకోవడమే అసలు పని. ఆర్కే బీచి, రుషికొండ జనంతో నిండి ఉంటాయి, లాగేసే ప్రవాహాలున్నాయి, వద్దు. ఒడ్డు వెంట సరుగుడు తోట గాలికి దిగువన ఉంటే గాలిపటం అందులో చిక్కుకుంటుంది, మనిషి కొట్టుకుంటాడు. రాళ్ళు, జెట్టీ, నౌకాదళం హద్దులు చూసుకోవాలి. నెల కూడా అంతే. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి, ఆ తర్వాత ఒకటిన్నర నెలకు పిల్లలు వస్తాయి, అటవీ శాఖను అడగకుండా ఒడ్డు తొక్కడం తప్పు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. బోట్లు ఒడ్డునే ఉంటాయి, మనుషులు ఖాళీగా ఉంటారు, మధ్యాహ్నం సముద్రపు గాలి బాగా లేస్తుంది. కానీ మే నెల బంగాళాఖాతంలో తుఫాన్ల నెల. 2019లో ఫణి, 2021లో యాస్, 2022లో అసని అన్నీ మేలోనే వచ్చాయి. ఏ నెలకైనా ఒక చిక్కుంది. దాన్ని విప్పగలిగేది ఆ ఊరి జాలర్లు, వాతావరణ శాఖ. ప్రోగ్రాం చార్టు కాదు.

జాలర్ల మాట వచ్చింది కనుక ఒకటి ఖచ్చితంగా చెప్పాలి. స్వచ్ఛంద పండుగ పేరు చెప్పి వాళ్ళ చేత ఊరికే పని చేయించుకుంటే అది వెట్టి. సరదాకు వచ్చినవాడు ఉచితంగా పని చేయాలి. పడవ మీద బతికేవాడికి ఆ రోజు కూలీ, డీజిలు ఖర్చు ముందే చేతిలో పెట్టాలి. మత్స్యశాఖ అనుమతి లేకుండా బోటు తీయించకూడదు. చెన్నై దగ్గర కోవళంలో జాలరి కుర్రాళ్ళు సర్ఫింగ్ నేర్చుకుని బోధకులయ్యారు, మన తీరంలోనూ కాగలరు. పండుగకు వచ్చిన అతిథులుగా వాళ్ళ ఒడ్డు మీదకు మనం వెళ్తున్నాం, వాళ్ళు మనకు సెట్టింగు కాదు. కంపెనీలు చేసే బీచి పండుగల్లో వలలు ఆరబెట్టే చోటే ముందు ఖాళీ చేయిస్తారు. ఆ ఒక్క కారణానికైనా కంపెనీ వద్దంటాను.

7. బీమా, అనుమతి, కేసు

ఇది బాగా పెద్ద అడ్డంకిలా చెబుతారు గానీ పెద్దగా ఏమీ లేదు. రిజిస్టరైన సంఘం చట్టం ముందు మనిషే. ఆంధ్రప్రదేశ్‌లో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఉంది, ఇక్కడా ఉంది. సంఘం పేరున బ్యాంకు ఖాతా తెరవవచ్చు, బీమా తీసుకోవచ్చు, కలెక్టరుకూ మెరైన్ పోలీసుకూ దరఖాస్తు పెట్టవచ్చు. కంపెనీ చేసేదీ అదే. తేడా ఏమిటంటే కంపెనీ ఆ పని మీకు కనపడకుండా చేస్తుంది, ఒక్కోసారి చేయకుండానే చేశానంటుంది. ఖర్చు పట్టీలో మొదటి పద్దు కాపాడే పడవ, రెండోది బీమా, మూడోది అంబులెన్సు. వాటికి డబ్బు పోగవకపోతే పండుగ ఈ ఏడు లేదు. కంపెనీ కొటేషన్ ఒకటి తెప్పించుకుని చూడండి, ఎల్‌ఈడీ తెర ఎన్నో వరసలో ఉందో, పడవ ఎన్నో వరసలో ఉందో.

8. మన సంఘాల తగవులు

ఈ ఆరోపణను ఒప్పుకోక తప్పదు. సావనీరులో ఎవరి ఫొటో ముందు రావాలన్న దాని మీద విడిపోయిన సంఘాలున్నాయి. 1977 నుంచి అమెరికాలో మహాసభలు జరుపుతున్న తెలుగు సంఘం తానాలో కూడా కుర్చీల కొట్లాట లేదని ఎవరూ అనరు. అయితే గమనించండి, ఆ కొట్లాటలతోనే ఆ సభలు జరుగుతూ వచ్చాయి, భోజనాల దగ్గర వడ్డించినవాళ్ళు వడ్డిస్తూనే ఉన్నారు. తగవు ఉన్నంత మాత్రాన పని ఆగదు. తగవు పడేవాళ్ళ చేతిలో ఒడ్డు పెట్టకూడదు, అంతే. శాలువాలు, వేదిక, ముఖ్య అతిథి కార్యవర్గం ఇష్టం, ఎంతసేపైనా కొట్టుకోవచ్చు. నీళ్ళకు సంబంధించినదంతా ఒక బీచ్ మార్షల్‌ది. ఆ మనిషి కార్యవర్గంలో ఉండకూడదు. పండుగ సాగినన్నాళ్ళూ అధ్యక్షుడి మాట ఆ మనిషి మీద చెల్లకూడదు. ఈ నియమాన్ని తీర్మానంగా రాసి, అందరి చేతా సంతకం పెట్టించకుండా మొదటి చందా కూడా వసూలు చేయకూడదు. సంతకానికి వెనకాడే అధ్యక్షుడు ఉంటే ముందే తెలిసిపోతుంది, అదీ మంచిదే.

ఇక మిగిలింది వాళ్ళ ఆఖరి ప్రశ్న: "ఏదైనా జరిగితే ఎవరు జవాబు చెబుతారు?" కంపెనీకి ఇస్తే ఎవరు చెబుతారో ముందు నాకు చెప్పమనండి. ఒప్పందంలో ఆరో పేజీలో, చిన్న అక్షరాల్లో, పాల్గొన్నవాడిదే పూచీ అని ఉంటుంది. అడగడానికి వెళ్తే ఆఫీసు ఇంకో ఊళ్ళో ఉంటుంది, ఆ ఏడాది పనిచేసిన మేనేజరు ఇంకో కంపెనీలో ఉంటాడు. మన పండుగలో బీచ్ మార్షల్ ఎవరో, పడవ ఎవరిదో, డాక్టరు ఎవరో, వాళ్ళ ఫోన్ నంబర్లేమిటో ఒడ్డున బల్ల మీద పెద్ద అక్షరాల్లో తెలుగులోనూ హిందీలోనూ రాసి ఉంటాయి. పండుగ అయిపోయాక వాళ్ళు అదే సెక్టారులో, అదే ఉతై బజారులో, వచ్చే ఆదివారం కూడా కూరగాయలు కొనుక్కుంటూ మీకు ఎదురుపడతారు.